వ్యాఖ్యానంలో ఐదవ అంగం: విద్యార్థి విమర్శ వ్యాసం ఎదిగే తీరు

వ్యాఖ్యాన లక్షణాన్ని చెప్పిన ప్రాచీనులు దానికి పదచ్ఛేదం, పదార్థోక్తి, విగ్రహం, వాక్యయోజన, ఆక్షేపం, సమాధానం అనే అంగాలను నిర్దేశించారు. చివరి రెండింటిని ఒకటిగా గ్రహించి ఐదని చెప్పినవారు కలరు. వేరుచేసి ఆరని చెప్పినవారూ కలరు. ఏ విధంగా లెక్కించినా మొదటి నాలుగు అంగాలు గ్రంథం ఏమి చెప్పిందో తెలుసుకొనడానికి ఉద్దేశించినవి. ఐదవదైన ఆక్షేపంతో పాఠకుని స్థితి మారుతుంది. అంతవరకు విన్నవాడు ఇప్పుడు అడుగుతాడు. ఈ మాట ఇక్కడ ఎందుకు? ముందు చెప్పినదానికి ఇది విరుద్ధం కాదా? మరొకచోట ఇదే కవి వేరొక విధంగా చెప్పలేదా? ఆ ప్రశ్నకు గ్రంథం నుండే ప్రత్యుత్తరాన్ని వెదకి చూపడం సమాధానం.

ప్రాచ్య కళాశాలలలో మొదటి నాలుగు అంగాలు శ్రద్ధగానే బోధింపబడుతున్నాయి. సంధిని విడదీయడంలో, సమాసానికి విగ్రహవాక్యం చెప్పడంలో, అన్వయక్రమాన్ని కూర్చడంలో ఈ కళాశాలల విద్యార్థికి ఉండే అభ్యాసం ఇతర కళాశాలల విద్యార్థికి సాధారణంగా లభించదు. అయితే అదే విద్యార్థి సాహిత్య విమర్శ వ్యాసం వ్రాయడానికి కూర్చున్నప్పుడు ఆ బలం కాగితం మీద కనిపించడం లేదు. కారణం ఒక్కటే: అతనికి ఆక్షేపించే అభ్యాసం ఇవ్వలేదు. విద్యార్థి విమర్శ వ్యాసం ఎదగడమంటే నాలుగవ అంగం నుండి ఐదవ అంగానికి సాగడమే. ఇది పాశ్చాత్య విమర్శ నుండి అరువు తెచ్చుకొనవలసిన విద్య కాదు. మన ఇంటిలోనే ఉండి, వాడుక తప్పిన విద్య.

వ్యాసం నేడున్న తీరు

పరీక్షా పత్రంలో సాధారణంగా కనిపించే ప్రశ్న ఒకటున్నది: ఫలానా కవి వర్ణనా నైపుణ్యాన్ని వివరించుము. ఈ ప్రశ్నలోనే దాని సమాధానం ఉన్నది. కవికి నైపుణ్యం ఉన్నదని ప్రశ్న ముందే తీర్మానించింది. విద్యార్థి చేయవలసినది సాక్ష్యాలను పేర్చడమే. అందువల్ల వ్యాసం కవికాలాదులతో ప్రారంభమై, కథాసంగ్రహంతో విస్తరించి, శైలి, అలంకారాలు, రసపోషణ, పాత్రచిత్రణ అనే శీర్షికల క్రింద నాలుగు పద్యాలను ఉదాహరించి, కవి చిరస్మరణీయుడని చెప్పి ముగుస్తుంది. ఇందులో కవి పేరు, పద్యాలు మార్చితే అదే వ్యాసం మరొక కావ్యానికి కూడా సరిపోతుంది. ఏ కావ్యానికైనా సరిపోయే వ్యాసం ఏ కావ్యాన్ని గురించీ చెప్పినది కాదు.

దీనికి విద్యార్థిని నిందించడం న్యాయం కాదు. అటువంటి వ్యాసానికే మార్కులు వస్తున్నప్పుడు అతడు మరొక విధంగా ఎందుకు వ్రాస్తాడు? పూర్వం ఈ శీర్షికలు బజారు గైడులలో లభించేవి. నేడు కృత్రిమ మేధ యంత్రాలు అడిగిన క్షణంలోనే అటువంటి వ్యాసాన్ని సిద్ధం చేసి ఇవ్వగలవు. యంత్రం సులభంగా చేయగల పనిని మూడేండ్లు, ఐదేండ్లు నేర్పి పట్టం ఇచ్చే విద్య తన ప్రయోజనాన్ని తానే ప్రశ్నించుకొనవలసి వస్తుంది. ప్రాచ్య విద్య మనుగడకు సంబంధించిన ప్రశ్న ఇది.

సంప్రదాయంలో ఆక్షేపం

ఆక్షేపం అవినయమనే అభిప్రాయం కొందరిలో కలదు. గ్రంథాలు ఆ అభిప్రాయాన్ని సమర్థించవు. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకాన్ని ధ్వనిని అంగీకరించని వారి వాదాలతోనే ప్రారంభించాడు. ధ్వని లేదనే అభావవాదం, అది లక్షణలోనే అంతర్భవిస్తుందనే వాదం, అది మాటలకు అందనిదనే వాదం, ఈ మూడింటిని ముందుగా నిలబెట్టి, ఆ తరువాతనే తన సిద్ధాంతాన్ని స్థాపించాడు. ప్రతిపక్షాన్ని బలహీనపరచి చూపితే తన సిద్ధాంతం కూడా బలహీనంగానే ఉంటుందని ఆయనకు తెలుసు. అప్పయ్యదీక్షితుల చిత్రమీమాంసకు జగన్నాథ పండితరాయలు ఖండన గ్రంథాన్నే రచించాడు. పతంజలి మహాభాష్యం ఆద్యంతం ప్రశ్నోత్తరాల నడకలోనే సాగుతుంది.

తెలంగాణకు చెందిన మరొక ఉదాహరణ కూడా స్మరణీయం. మెదకు ప్రాంతపు కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి తన వ్యాఖ్యలలో మూలం లేనిదేదీ వ్రాయనని, అపేక్షితం కానిదేదీ చెప్పనని నియమం పెట్టుకొన్నాడు. విద్యార్థి వ్యాసానికి ఇంతకంటె మంచి నియమావళి అవసరం లేదు. ఆ వ్యాసంలోని ప్రతి వాక్యాన్నీ ఈ రెండు ప్రశ్నలతో పరీక్షించవచ్చు: దీనికి గ్రంథంలో ఆధారం ఎక్కడ? ఇది లేకపోతే వాదానికి ఏమి లోటు? ఈ పరీక్షకు నిలిచే వాక్యాలు నేటి వ్యాసాలలో ఎన్ని ఉంటాయో బోధకులకు తెలియనిది కాదు.

ఒక విద్యార్థి ఎదిగిన తీరు

ప్రాచ్య విద్యలో పెరిగిన విద్యార్థి విమర్శకుడుగా ఎదగడానికి తెలుగులో స్పష్టమైన నిదర్శనం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ. 1893లో అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో జన్మించిన ఆయన మైసూరు పరకాల మఠంలో కృష్ణబ్రహ్మతంత్ర స్వాముల సన్నిధిలో సంస్కృత కావ్యనాటకాలంకార శాస్త్రాలను అభ్యసించాడు. అది శుద్ధ సంప్రదాయ విద్య. ఆ మైసూరులోనే కట్టమంచి రామలింగారెడ్డితో ఆయనకు పరిచయం ఏర్పడింది. 1912లో మహారాజా కళాశాలలో తెలుగు పండితుడుగా ప్రవేశించాడు.

కట్టమంచి మార్గం వేరు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో విద్యార్థిగా ఉండగానే ముసలమ్మ మరణం అనే కావ్యాన్ని వ్రాసి భాషాభిరంజనీ సమాజం పోటీలో బహుమతి పొందినవాడు ఆయన. కేంబ్రిడ్జిలో చదివి వచ్చి, 1914లో పింగళి సూరన కావ్యాలను పరిశీలిస్తూ కవిత్వతత్త్వ విచారాన్ని ప్రకటించాడు. ప్రబంధ కవులపై ఆ గ్రంథం చేసిన ఆక్షేపాలు తీవ్రమైనవి. వాటిని అంగీకరించని పండితులు ప్రతివాదాలు చేశారు. ఆ ఆక్షేపాలలో కొన్ని అతివేలమైనవే కావచ్చు. కాని తెలుగు పండితుడు తన అభిమాన కావ్యాన్ని ఎందుకు అభిమానిస్తున్నాడో కారణాలతో చెప్పవలసిన స్థితిని ఆ గ్రంథం కల్పించింది. ఆక్షేపం చేసే మేలు అదే.

సంప్రదాయ విద్య, ఈ ఆక్షేప దృష్టి రాళ్లపల్లిలో కలిసినప్పుడు ఏమి ఫలించిందో వేమన ఉపన్యాసాలు చూపుతాయి. కట్టమంచి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షుడుగా ఉన్న కాలంలో, 1928లో, రాళ్లపల్లి ఈ ఉపన్యాసాలు ఇచ్చాడు. 1929లో అవి గ్రంథరూపం పొందాయి. పండితులు చాలకాలం కావ్యగౌరవం ఇవ్వని కవిని, మఠంలో అలంకారశాస్త్రం చదివిన పండితుడు విచారణకు తీసుకొన్నాడు. వేమనను గురించి ప్రచారంలో ఉన్న కథలు ఒక వైపు, పద్యాలు ఇచ్చే సాక్ష్యం మరొక వైపు ఉంచి తూచాడు. భక్తితో అన్నింటినీ అంగీకరించలేదు. పాండిత్య గర్వంతో అన్నింటినీ తోసివేయనూ లేదు. ఆ తరువాతి నాటకోపన్యాసాలు, సారస్వతాలోకం కూడా ఈ సమతూకానికి నిదర్శనాలే. వ్యాకరణం, అలంకారశాస్త్రం ఆయనకు అడ్డు రాలేదు. ప్రశ్న వేయడానికి సాధనాలైనాయి. ప్రాచ్య విద్యకు, విమర్శకు వైరమనే అపోహకు ఆయన రచనలే ప్రత్యుత్తరం.

హైదరాబాదులో వచ్చిన ప్రశ్నలు

హైదరాబాదు సారస్వత చరిత్రలో కూడా ఒక ఆక్షేపానికి వచ్చిన సమాధానం పెద్ద గ్రంథంగా నిలిచింది. తెలంగాణలో కవులు లేరన్న మాట వినవచ్చినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి కోపవాక్యాలతో సరిపెట్టుకొనలేదు. 350 మందికి పైగా కవుల రచనలను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించాడు. సాక్ష్యమే వాదంగా నిలిచింది. 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఆయన కావ్యాలకు మరొక ప్రశ్న వేశాడు. ఈ పద్యంలో ఏ అలంకారం ఉన్నదని కాక, ఈ కాలపు ప్రజలు ఏమి తిన్నారు, ఏ ఆటలాడారు, ఏ వృత్తులు చేశారు అని అడిగాడు. క్రీడాభిరామం, ఆముక్తమాల్యద, హంసవింశతి వంటి గ్రంథాలు ఆ ప్రశ్నకు సమృద్ధిగా జవాబిచ్చాయి. అవి అంతకుముందూ అందరూ చదివిన కావ్యాలే. ప్రశ్న మారినందువల్ల వాటిలో అంతవరకు ఎవరూ లెక్కించని సంపద బయటపడింది. ఆ గ్రంథానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

పట్టభద్రుడయ్యేవరకు ఉర్దూ మాధ్యమంలో చదివిన సి. నారాయణరెడ్డి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చేసి, ఆధునికాంధ్ర కవిత్వంలోని సంప్రదాయాలను, ప్రయోగాలను పరిశోధించి 1962లో డాక్టరేటు పొందడం కూడా ఇక్కడ గమనింపదగినది. ఆధునికమనుకొన్న దానిలో పాతది ఎంత, కొత్తది ఎంత అన్నది ఆ పరిశోధనకు మూలప్రశ్న. తెలుగు తరగతిగదికి వెలుపల పెరిగిన విద్యార్థి విమర్శ వ్రాయలేడనే నిరాశకు ఆధారం లేదు.

గుడిమల్కాపూర్ విద్యార్థిని: ఒక నమూనా

సిద్ధాంతాన్ని ఆచరణలో చూడడానికి ఒక నమూనా అవసరం. గుడిమల్కాపూర్ నుండి ప్రాచ్య కళాశాలకు వచ్చే ఒక విద్యార్థినిని ఊహించవచ్చు. నిజాముల కాలంలో ఝాంసింగ్ కట్టించిన వేంకటేశ్వరాలయం, దాని చేరువనే మసీదు ఉన్న ప్రాంతమది. తెల్లవారకముందే బంతి, చామంతి, గులాబి మూటలు దిగే పెద్ద పూలమార్కెట్టు అక్కడ ఉన్నది. దక్కనీ ఉర్దూలో, తెలంగాణ తెలుగులో బేరాలు సాగుతాయి. ఇటువంటి పరిసరాలలో పెరిగిన విద్యార్థినికి ప్రబంధాల పురవర్ణనలోని పుష్పలావికలపై వ్యాసం వ్రాయమని చెప్పినట్లు భావించవచ్చు.

మొదటి రచన ఎట్లుంటుందో ఊహించడం కష్టం కాదు. పుష్పలావిక అనే పదానికి వ్యుత్పత్తి, పురవర్ణనలో ఆ వర్ణనకు గల స్థానం, పూలమ్మే స్త్రీలకు విటులకు మధ్య శ్లేషతో నడిచే సంభాషణ, అందులోని చమత్కారం, చివర కవి ప్రశంస. ఇందులో తప్పు లేదు. పదచ్ఛేదం మొదలు వాక్యయోజన వరకు నాలుగు అంగాలూ ఉన్నాయి. బోధకుడు దానికి మార్కులు వేసి పక్కన పెడితే ఆమె అభివృద్ధి అక్కడనే ఆగుతుంది. అట్లు కాక ఆయన పత్రం అంచున ఒక్క ప్రశ్న వ్రాయాలి: నీవు నిత్యం చూచే పూలబజారుకు, ఈ పద్యాలలోని పూలబజారుకు భేదమేమి?

రెండవ రచనలో ఆక్షేపం పుడుతుంది. ఆమెకు తెలిసిన బజారులో చీకటిలో లేవడం, వాడిపోకుండా నీళ్లు చల్లడం, దారం ఎక్కించడం, ధర పడిపోతే మిగిలిన సరుకు వృథా కావడం ఉంటాయి. ప్రబంధ పుష్పలావికకు ఆ శ్రమ లేదు. ఆమె ధర చెప్పినా అది ధర కాదు, శ్లేషకు ఒక ఆలంబనం. విటుడు లేనిచోట ఆమెకు పద్యంలో చోటు కూడా లేదు. అందువల్ల ప్రబంధ కవులు శ్రమజీవనాన్ని చూడలేదని విద్యార్థిని తీర్మానిస్తుంది. ఈ తీర్మానంలో ఆవేశం ఉన్నది, స్వానుభవం ఉన్నది, తొందర కూడా ఉన్నది. అయినా మొదటి రచనకంటె ఇది ఎంతో ముందున్నది. ఇప్పుడు వ్యాసంలో ఒక మనిషి ఉన్నది. ఈ దశలో ఆమెను మందలించడం, ప్రశంసించి వదలివేయడం రెండూ హానికరమే. బోధకుడు చేయవలసినది మరొక గ్రంథాన్ని ఆమె చేతికి ఇవ్వడం. ఆముక్తమాల్యద చదివి నీ తీర్మానం నిలుస్తుందేమో చూడుమని చెప్పడం.

మూడవ రచన ఆ పఠనం నుండి వస్తుంది. ఆముక్తమాల్యదలో విలుబుత్తూరు వర్ణన సందర్భంలో ఒక ప్రసిద్ధమైన పద్యం ఉన్నది. కాలువ ఒడ్డున తలలను రెక్కలలో దాచుకొని నిద్రించే బాతులను చూచి, స్నానం చేసిన బ్రాహ్మణులు పిండి మరచిపోయిన వస్త్రాలని తలారులు భ్రమిస్తారు. తీసి వారి ఇండ్లకు చేర్చడానికి తలారులు రేవులోకి దిగగానే బాతులు పారిపోతాయి. అది చూచి వరిచేలకు కావలి ఉన్న స్త్రీలు నవ్వుతారు. ఇక్కడ పనిచేసే స్త్రీలు ఎవరి చూపునకో విషయం కాలేదు. వారే చూస్తున్నారు, వారే నవ్వుతున్నారు. ఇక కావ్యానికి కేంద్రమైన విష్ణుచిత్తుడు స్వయంగా మాలలు కట్టి స్వామికి సమర్పించేవాడు. ఆ మాలను ముందు తాను ధరించి విడిచిన గోదాదేవి వల్లనే కావ్యానికి ఆ పేరు వచ్చింది. పూలదండ ఇక్కడ వర్ణనలో ఒక అలంకారం కాదు. కథ అంతా దానిపైనే నిలిచి ఉన్నది.

ఇప్పుడు విద్యార్థిని తన తీర్మానాన్ని సవరించుకొనక తప్పదు. ప్రబంధ కవి శ్రమజీవనాన్ని చూడలేదన్న మాట నిలవదు. అయితే ఆమె ఆక్షేపం వ్యర్థమూ కాలేదు, సూక్ష్మతరమైంది. కవి చూచాడా లేదా అన్నది కాదు, ఎవరి కంటితో చూచాడు అన్నది ప్రశ్న. పుష్పలావికా వర్ణనలో కొనేవాని కన్ను ఉన్నది. వరిచేను పద్యంలో పనివారి కన్ను ఉన్నది. విష్ణుచిత్తుని కథలో మాల కట్టేవాని హృదయం ఉన్నది. ఒకే ప్రబంధ ప్రక్రియ ఈ మూడింటికీ ఎట్లా చోటిచ్చింది? సంప్రదాయసిద్ధమైన వర్ణనాంశాలలో ఒక చూపు, కవి స్వయంగా కల్పించుకొన్న సన్నివేశాలలో మరొక చూపు ఉన్నదా? ఇది పరిశోధనకు తగిన ప్రశ్న. అది ఏ గైడులోనూ లేదు. పూలబజారు తెలిసిన విద్యార్థినికి, విగ్రహవాక్యం చెప్పగల విద్యార్థినికి, రెండూ కలిసిన చోట మాత్రమే అది స్ఫురిస్తుంది. శ్లేషను విడదీయలేనివాడు పుష్పలావిక మాటలోని రెండవ అర్థాన్ని గ్రహించలేడు. అందువల్ల మొదటి నాలుగు అంగాలు లేకుండా ఐదవది రాదు. ప్రాచ్య కళాశాల విద్యార్థికి గల అధిక్యం ఇదే.

కొన్ని సందేహాలు

ఈ పద్ధతిపై కొన్ని ఆక్షేపాలు రావచ్చు. వాటిని కూడా పరిశీలించడం ఉచితం. వ్యాకరణం పూర్తిగా రానివారికి విమర్శ నేర్పడం పునాది లేని కట్టడం వంటిదని కొందరు అనవచ్చు. అందులో సత్యం ఉన్నది. కాని పునాదిని మాత్రమే ఏండ్ల తరబడి వేస్తూ, గోడ లేపకుండా వదలివేయడం కూడా కట్టడం కాదు. పై నమూనాలో చూచినట్లు, ప్రశ్న పుట్టిన తరువాత విద్యార్థి పదార్థం కోసం నిఘంటువును తనంతట తానే తెరుస్తాడు. అవసరం చెప్పిన వ్యాకరణం పరీక్ష చెప్పిన వ్యాకరణం కంటె ఎక్కువకాలం నిలుస్తుంది.

అపరిపక్వ బుద్ధితో మహాకవులను ఆక్షేపించడం వాచాలతకు దారితీస్తుందన్నది రెండవ సందేహం. ఆక్షేపాన్ని సమాధానం నుండి విడదీస్తే ఆ ప్రమాదం నిజమే. నేటి సాహిత్య వాదాలలో కొన్ని ఆక్షేపం దగ్గరనే ఆగిపోవడం, గ్రంథం చదవకుండానే తీర్పులు వెలువడడం తెలిసిన విషయాలే. అందుకే పూర్వులు ఈ రెండు అంగాలను జంటగా ఉంచారు. ఆక్షేపించినవాడే సమాధానాన్ని వెదకాలి. దొరకకపోతే ఆక్షేపం నిలుస్తుంది, దొరికితే అవగాహన పెరుగుతుంది. రెండింటిలో ఏది జరిగినా వాచాలతకు తావు లేదు.

తరగతుల భారం, బోధకుల కొరత ఉన్నచోట ఒక్కొక్క వ్యాసాన్ని మూడుమార్లు దిద్దడం సాధ్యమా అన్నది మూడవది, అన్నిటికంటె బరువైనది. అన్ని వ్యాసాలకూ సాధ్యం కాదు. ఏడాదికి ఒక్క వ్యాసానికైనా సాధ్యం కాకపోదు. పది వ్యాసాలు ఒక్కొక్కసారి వ్రాసినవానికంటె ఒక్క వ్యాసాన్ని మూడుమార్లు వ్రాసినవాడు విమర్శ అంటే ఏమిటో ఎక్కువగా తెలుసుకొంటాడు. బోధకుడు పుటల నిండా ఎర్రసిరాతో దిద్దనవసరం లేదు. అంచున ఒక్క ఆక్షేపం వ్రాస్తే చాలు.

చేయవలసినవి

ముందుగా మారవలసినది ప్రశ్నపత్రం. వర్ణనా నైపుణ్యాన్ని వివరించుమనే ప్రశ్నకు బదులుగా, ఒకే వస్తువును ఇద్దరు కవులు చిత్రించిన తీరులో భేదమేమి, ఆ భేదానికి కారణమేమి అని అడగవచ్చు. జవాబు ముందే నిర్ణయమై ఉండని ప్రశ్నకే విద్యార్థి ఆలోచిస్తాడు. రెండవది, తొలి రచనకు, మలి రచనకు మధ్య విద్యార్థి తన అభిప్రాయాన్ని ఎక్కడ, ఏ ఆధారంతో మార్చుకొన్నాడో ఒక పేరా వ్రాయించి, దానికి ప్రత్యేకంగా మార్కులు కేటాయించాలి. అభిప్రాయం మార్చుకొనడం ఓటమి కాదని విద్యార్థికి తెలియడానికి ఇంతకంటె సూటియైన మార్గం లేదు. యంత్రం వండిన వ్యాసాన్ని పట్టుకొనడానికి కూడా ఇదే సులభోపాయం; తనది కాని అభిప్రాయాన్ని ఎవరూ కారణాలతో మార్చుకొనలేరు. మూడవది, విద్యార్థి పెరిగిన వాడ, వృత్తి, భాష అతని చదువుకు అడ్డంకులనే భావాన్ని విడనాడాలి. హంసవింశతిలోని వృత్తిపదాలు నిఘంటువులో దొరకనప్పుడు, ఆ వృత్తి చేసే ఇంటి నుండి వచ్చిన విద్యార్థి నోట దొరికే అవకాశం ఉన్నది.

నిజాం రాష్ట్రంలో తెలుగుకు రాజాదరణ లేని రోజులలో, 1943లో, ఇప్పటి తెలంగాణ సారస్వత పరిషత్తు పుట్టింది. తెలుగు చదివే అవకాశం లేనివారికి తెలుగును అందించడం ఆనాటి అవసరం. ఆ అవసరం చాలవరకు తీరింది. చదివినదాన్ని ప్రశ్నించి, ఆ ప్రశ్నకు గ్రంథంలోనే జవాబు వెదకగల తరాన్ని తయారుచేయడం నేటి అవసరం. మల్లినాథుని నియమం, ఆనందవర్ధనుని పూర్వపక్షం, రాళ్లపల్లి తూకం చేతిలో ఉన్నవారికి కొత్త సాధనాలు అవసరం లేదు. విద్యార్థి పత్రం అంచున కొంత ఖాళీ ఉంటుంది. అక్కడ వ్రాయవలసిన ఒక్క ప్రశ్నను బోధకుడు వ్రాసిన నాడు ఐదవ అంగం మరల వాడుకలోకి వస్తుంది.